పెరటి కోళ్ల మేత, వాటి వేషాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నల్లగొండ. పానగల్ వైపు ఊరి చివర ఇల్లు, వెనక నాలుగు గుంటల జాగా. అందులో పదమూడు పెట్టలు, ఒక పుంజు. ఏడు నాటువి, ఆరు గ్రామప్రియ అనే మెరుగుపరిచిన జాతివి. కోళ్ల సంగతి నాకు నేర్పింది మా అత్తమ్మ. ఆమెది దేవరకొండ దగ్గర పల్లె. ఆమె చెప్పినదాంట్లో చాలావరకు నిజమని తేలింది, కొంత కాదనీ తేలింది. వాడకట్టు వాళ్లు, తోటి ఉద్యోగులు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. "అక్కా, మా కోడికి పిచ్చి లేసింది" అని వచ్చేవాళ్లను నేను ముందు అడిగేవి రెండే: నిన్న ఏం తిన్నది, రాత్రి ఎక్కడ పడుకుంది? సగం వేషాలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక కోడికి రోజుకు ఎంత మేత కావాలి?

పూర్తిగా జాలీలోనే ఉంచితే గుడ్లకోడి రోజుకు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. పగలంతా తిరిగే కోడి చాలావరకు తానే ఏరుకుంటుంది కాబట్టి పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు, మొత్తం 40–50 గ్రాములు వేస్తే నడుస్తుంది. నీళ్లు మాత్రం తిన్న మేతకు రెట్టింపు తాగుతుంది.

నేను తూకం వేయను. గూట్లోకి పోయే ముందు ఒక్కోదాన్ని పట్టుకుని మెడ కింద మేతసంచి తడిమి చూస్తాను. నిండుగా, కాస్త మెత్తగా చేతికి తగలాలి. సాయంత్రం ఖాళీగా ఉందంటే మిగతావి దాన్ని తిననివ్వడం లేదు. తెల్లారి కూడా గట్టిగా ఉందంటే తిన్నది కిందికి దిగలేదు. ఆ పూట మేత ఆపి నీళ్లు పెట్టి చూడాలి, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

నూకలు, తవుడు వేస్తే సరిపోదా? మా అమ్మమ్మ అవే వేసేది.

మిర్యాలగూడ రైస్ మిల్లుల పుణ్యమా అని మన జిల్లాలో నూకలకు, తవుడుకు కొదవ లేదు. అందుకే అందరూ అవే వేస్తారు. నూకల్లో మాంసకృత్తులు 7–8 శాతమే ఉంటాయి. గుడ్లు పెట్టే కోడికి 16–18 శాతం కావాలి. నూకలతో కడుపు నిండుతుంది, ఒంట్లో కొవ్వు పడుతుంది, గుడ్లు మాత్రం రావు.

మరి అమ్మమ్మ కోళ్లు ఎట్లా పెట్టాయి? ఆమె ఇంటి వెనక పెంటకుప్ప ఉండేది, పశువుల కొట్టం ఉండేది. పొద్దంతా కాళ్లతో చిమ్మి పురుగు, పుట్ర, చెద ఏరుకుని తినేవి. నూకలు పైన చిరుతిండి మాత్రమే. ఇప్పుడు మన ఇళ్ల చుట్టూ సీసీ రోడ్డు, వాకిట్లో టైల్స్. కోడి ఎంత చిమ్మినా పురుగు ఎక్కడిది? ఆ లోటు మనమే పూడ్చాలి.

చెదలు తెచ్చే ఇగురం మా అత్తమ్మ దగ్గర ఉంది. ఓటి కుండలో తడి పెండ, ఎండు చొప్ప, చింకి గోనె ముక్క కుక్కి, చేను గట్టున చెద కనిపించే చోట బోర్లిస్తుంది. తెల్లారి కుండ ఎత్తితే లోపలంతా తెల్లగా కదులుతూ ఉంటుంది. దాన్ని కోడిపిల్లల ముందు దులిపితే పది నిమిషాల్లో గోనె ముక్క శుభ్రం. తొలకరి వానకు దీపం చుట్టూ రాలే ఉసిళ్లను కూడా చీపురుతో ఎత్తి దాచుకుంటాం. ఆ రెండు మూడు రోజులు దాణా జోలికే పోవు.

తవుడు గురించి ఒక మాట. దానిలో నూనె ఉంటుంది కాబట్టి తొందరగా చెడిపోతుంది. రెండు వారాలకు సరిపడా కన్నా ఎక్కువ తెచ్చుకోకండి. ముక్కిన వాసన వస్తే పారేయండి.

దాణా ఇంట్లో కలుపుకోవచ్చా?

కలుపుకోవచ్చు. నేను 10 కిలోలకు ఇట్లా కలుపుతాను: మక్కలు, జొన్నలు, సజ్జలు ఏవి దొరికితే అవి రవ్వగా పట్టించి 6 కిలోలు, తవుడు కిలోన్నర, పల్లి చెక్క గానీ సోయా చెక్క గానీ (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) 2 కిలోలు, ఉప్పు పట్టించని ఎండు చేపల పొడి 300 గ్రాములు, పశువుల మందుల దుకాణంలో దొరికే కోళ్ల మినరల్ మిక్చర్ 200 గ్రాములు. ఉప్పు 30 గ్రాములకు మించకూడదు. సున్నం కోసం వేసే గుల్ల (ఆల్చిప్ప ముక్కలు) ఇందులో కలపను, వేరే మూకుడులో పెడతాను. గుడ్లు పెట్టే పెట్టకు అది ఎక్కువ కావాలి, ఎదిగే పిల్లకు ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయి. వేరుగా పెడితే ఎవరికి కావలసింది వాళ్లు తింటారు.

పల్లి చెక్క కొనేటప్పుడు విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఒక దుకాణంలో చవగ్గా వస్తుందని నేను ఒకసారి బస్తా మొత్తం తెచ్చాను. పైన బాగానే ఉంది, అడుగున ఆకుపచ్చ బూజు. బూజు పట్టిన పల్లిలో, మక్కల్లో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కడిగినా, ఎండబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. ఆ బస్తా గుంత తీసి పూడ్చాం.

బ్రాయిలర్ దాణా వేయొచ్చా అని కూడా అడుగుతారు. అది ఆరు వారాల్లో కోసే కోళ్ల కోసం చేసింది. గుడ్ల కోడికి వద్దు.

ఏవి అసలు వేయకూడదు?

మన ప్రాంతంలో అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఆముదం. పాలమూరు, దేవరకొండ వైపు ఆముదం చేలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆముదపు చెక్కను చెట్లకు ఎరువుగా తెచ్చి పెట్టుకుంటారు. చూడటానికి పల్లి చెక్కలాగే ఉంటుంది. దానిలో రైసిన్ అనే విషం ఉంటుంది. రెండు బస్తాలు పక్కపక్కన పెట్టకండి.

రెండోది విత్తనాలు. సంచిలో మిగిలిన మక్క విత్తనాలు, వడ్ల విత్తనాలు ఎర్రగానో నీలంగానో మందు పూసి ఉంటాయి. అవి గింజలు కావు, మందు బిళ్లలు అనుకోండి. పత్తి గింజలతో ఇంకో తంటా. గద్వాల వైపు సీడ్ పత్తి (విత్తనాల కోసం పండించే పత్తి) వేసేవాళ్ల ఇళ్లల్లో గింజలు రాలి ఉంటాయి. వాటిని, పత్తి చెక్కను ఎక్కువగా తిన్న కోళ్ల గుడ్లు కొన్నాళ్లు నిల్వ ఉంటే పచ్చసొన గోధుమ రంగుకో, ముదురు ఆకుపచ్చకో తిరుగుతుంది. గింజలో ఉండే గాసిపాల్ అనే పదార్థం పని అది. "గుడ్డు పచ్చగా ఉంది, ఎవరో ఏదో చేశారు" అని ఒకావిడ నా దగ్గరికి ఏడ్చుకుంటూ వచ్చింది. గూటి పక్కనే పత్తి బస్తా ఉంది.

తొక్కులు, ఉప్పు చేప, మనం తినగా మిగిలిన కారం మిక్చర్ వద్దు, కోడికి ఉప్పు తొందరగా విషమవుతుంది. ఆకుపచ్చగా మారిన ఆలుగడ్డ వద్దు. సద్దన్నం, గటక, పాచిపోనంతవరకు కొద్దికొద్దిగా పెట్టొచ్చు.

ఇసుక, రాళ్లు తింటుంది. ఆపాలా?

వద్దు. కోడికి పళ్లు లేవు. ఆ రాళ్లే కందనకాయలో తిరగలి పని చేస్తాయి. జాలీలో ఉంచే కోళ్లకైతే మీరే ముతక ఇసుక పెట్టాలి.

తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) పెడుతోంది. ఎందుకు?

ఒక గుడ్డు పెంకుకు దాదాపు 2 గ్రాముల కాల్షియం పడుతుంది. పెంకు కట్టడానికి 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే. అందుకని గుల్ల, గుడ్డు పెంకుల ముక్కలు సాయంత్రం మేతతో పెట్టండి. మరీ మెత్తటి పొడి కన్నా ముక్కలుగా ఉంటే కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. ఇంట్లో గుడ్ల పెంకులు వాడేటప్పుడు పెనం మీద వేడిచేసి, గుడ్డు ఆకారం గుర్తుపట్టలేనంతగా నలిపి పెట్టాలి. ఎందుకో తర్వాతి ప్రశ్నలో తెలుస్తుంది.

మొదటి గుడ్లు పెట్టే పిల్ల పెట్టలు ఒకటి రెండు తోలుగుడ్లు పెట్టడం మామూలే. ఎండాకాలంలో అన్నిటికీ పెంకు పల్చబడుతుంది.

కోడి తన గుడ్డు తానే తింటుంది. కారం పెడితే మానుతుందా?

మానదు. నేను పెట్టి చూశాను. గుడ్డుకు చిన్న బొక్క చేసి, సొన వంచేసి, నిండా కారం కూరి గంపలో పెట్టాను. మా ఎర్ర పెట్ట వచ్చింది. తల వాల్చి ఒక కంటితో చూసింది. రెండు పోట్లు పొడిచింది. కారం ముద్దను బువ్వ తిన్నంత తీరిగ్గా తిన్నది. ముక్కును నేలకు ఇటోసారి అటోసారి రుద్దుకుని వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ కారం పొడికి తుమ్ములు ఆగలేదు. తర్వాత తెలిసింది, మిరపకాయ మంట పక్షులకు తెలియదట. మన నోట్లో ఆ మంటను పట్టుకునే నరాలు వాటిలో కారానికి కదలవు. చిలుకలు పండు మిరపకాయలు అంత ఇష్టంగా తినేది అందుకే.

ఈ అలవాటు దాదాపు ఎప్పుడూ పొరపాటున పగిలిన గుడ్డుతో మొదలవుతుంది. పెంకు పల్చన కావడం, గంపలో కింద గడ్డి లేకపోవడం, ఒకే గంపలో రెండు పెట్టలు తోసుకోవడం. పగిలింది, రుచి చూసింది, బాగుంది. మేతలో మాంసకృత్తులు తక్కువైన కోడికి అది ఇంకా బాగుంటుంది. అందుకే ముందు మేత సరిచేయాలి, గుల్ల పెట్టాలి. తర్వాత గంపను చీకటి మూలకు మార్చి, ముందు గోనె పట్టా వేలాడదీయాలి. చీకట్లో కోడి గుడ్డు పెట్టగలదు కానీ గురిచూసి పొడవలేదు. నాలుగైదు పెట్టలకు ఒక గంప ఉండాలి. గుడ్లు ఎక్కువగా మధ్యాహ్నం లోపే పెడతాయి కాబట్టి పదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి తీసేయాలి. గంపలో గుడ్డంత నున్నటి రాళ్లు రెండు సున్నం పూసి ఉంచండి. పొడిచీ పొడిచీ ముక్కు నొప్పి పుట్టి వదిలేస్తుంది. మూడు వారాల్లో మా ఇంట్లో మూడింటికి రెండు మానాయి. మూడోది మానలేదు. మానని కోడిని చూసి మిగతావి నేర్చుకుంటాయి, అందుకని అది ఆదివారం కూరైంది.

ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి, రక్తం వస్తోంది.

కోళ్లలో పెద్ద, చిన్న ఉంటుంది. ఎవరు ముందు తినాలి, ఎవరు పై కర్ర మీద పడుకోవాలి అన్నది పొడుచుకునే తేల్చుకుంటాయి. ఒక పోటు, ఒక పరుగు, అక్కడితో అయిపోతే మనం మధ్యలో దూరొద్దు. ఈకలు పీకి తినడం, రక్తం వచ్చినా వదలకపోవడం వేరు. అది ఇరుకు వల్ల, మేతలో లోటు వల్ల, ఒంటి మీద పురుగు వల్ల, పొద్దంతా పని లేకపోవడం వల్ల వస్తుంది.

రక్తం కనబడిందంటే మిగతావి అక్కడే పొడుస్తాయి. దెబ్బతిన్నదాన్ని వెంటనే గంప కింద మూసి, పుండుకు పసుపు, వేపనూనె రాయండి. పూర్తిగా ఎండే వరకు కలపొద్దు. మేత గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి, చిన్నదానికి తప్పించుకుని తినే వీలుంటుంది. రాత్రి గూట్లో కోడికి కనీసం రెండు చదరపు అడుగుల చోటు ఉండాలి. తోటకూర కట్టను తాడు కట్టి వాటి తల ఎత్తున వేలాడదీయండి. దాన్ని పీక్కుంటూ పొద్దుపోనిస్తాయి.

సంత నుంచి తెచ్చిన కొత్త కోడిని ఎట్లా కలపాలి?

తెచ్చిన రోజే కలపొద్దు. రెండు వారాలు వేరేచోట ఉంచి రోగం ఏమీ లేదని చూసుకోండి. తర్వాత వారం రోజులు జాలీకి ఇవతల ఒకటి, అవతల మిగతావి ఉంచండి, చూసి అలవాటు పడతాయి. చివరికి రాత్రి చీకటి పడ్డాక గూట్లో కర్ర మీద కూర్చోబెట్టండి. చీకట్లో కోడికి కళ్లు కనబడవు, గొడవ ఉండదు. ఒక్కదాన్ని కన్నా రెండింటిని కలిపి చేర్చడం మేలు, దెబ్బలు పంచుకుంటాయి.

పెట్ట పొదుగుకు వచ్చి లేవడం లేదు. పిల్లలు వద్దనుకుంటే ఎట్లా మాన్పించాలి?

గంపలో ఒళ్లు పరుచుకుని కూర్చుంటుంది. చేయి పెడితే ఈకలు నిక్కబొడిచి గుర్రుమంటుంది. రొమ్ము ఈకలు తానే పీక్కుంటుంది. రోజుకు ఒకసారి లేచి, నాలుగు గింజలు తిని, పెద్ద రెట్ట వేసి మళ్లీ కూర్చుంటుంది. ఇది రోగం కాదు. నాటు పెట్టకు ఏడాదికి మూడు నాలుగు సార్లు ఇది వస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ, వనరాజలో ఈ గుణం చాలా తక్కువ. గుడ్లే కావాలంటే అవి, పిల్లలు కావాలంటే నాటువి. రెండూ ఉంటే గ్రామప్రియ గుడ్లను నాటు పెట్ట కింద పెట్టొచ్చు, మేం అదే చేస్తాం.

మాన్పించడానికి ఊళ్లలో ముక్కులో ఈక గుచ్చి వదిలేస్తారు. చిన్నప్పటి నుంచి చూశాను, నాకు ఇష్టం లేదు. కోడి బాధకు తిరుగుతుంది తప్ప ఇంకేం లేదు, పుండైతే మేత కూడా మానేస్తుంది. నీళ్లలో ముంచడం కొంత పనిచేస్తుంది, ఎందుకంటే అసలు కిటుకు రొమ్ము కింద చల్లబడటంలోనే ఉంది. చలికాలంలో మాత్రం ముంచితే జబ్బు పడుతుంది. అంతకన్నా తేలిక పని: అడుగు కూడా జాలీ ఉన్న పంజరాన్ని నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టి, గడ్డి వేయకుండా, మేత, నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు అందులో ఉంచండి. కింద గాలి ఆడి ఒళ్లు చల్లబడుతుంది. వదిలాక మళ్లీ గంపలోకి ఉరికితే ఇంకో రెండు రోజులు. తిరిగి గుడ్లు పెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

పిల్లలు కావాలంటే వారం లోపు గుడ్లు 10–12 పెట్టండి, 21 రోజులకు పొదుగుతాయి. ఏడో రోజు రాత్రి టార్చి పెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు కనిపించాలి. ఏమీ లేనివి తీసేయండి. ఏప్రిల్, మే నెలల్లో పెట్టకండి, బయటి వేడికే గుడ్లు చెడిపోతాయి. ఉరుములకు గుడ్లు పాడవుతాయని మా అత్తమ్మ గంపలో ఒక ఇనుప మొల వేస్తుంది. నేను నమ్మను, కానీ తీయను కూడా.

కోడిపిల్లలకు నూకలు వేయొచ్చా?

మొదటి రోజు నీళ్లు. గుడ్డులోని సొన కడుపులో ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజులు మేత ఆలస్యమైనా బతుకుతాయి. తర్వాత పిల్లల దాణాయే మేలు. ఉత్త నూకలతో పెంచితే కాలి వేళ్లు లోపలికి ముడుచుకుని కుంటుతాయి. అది బి2 విటమిన్ లోపం, మొదట్లోనే దాణా మారిస్తే కోలుకుంటాయి.

ఎండాకాలం కోళ్లు చచ్చిపోతున్నాయి.

మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు విడదీసి నిలబడటం, ఆ రెండే దాని దగ్గరున్న ఉపాయాలు. అట్లా రొప్పీ రొప్పీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, అందుకే పెంకు పల్చబడుతుంది.

మేత పొద్దున ఆరులోపు, మళ్లీ పొద్దు గూకాక. మధ్యాహ్నం తింటే అరిగే వేడి కూడా తోడవుతుంది. నీళ్లు ప్లాస్టిక్ డబ్బాలో కాదు, మట్టి గురిగిల్లో, నీడలో మూడు చోట్ల పెట్టి మధ్యాహ్నం రెండుసార్లు మార్చండి. వేడెక్కిన నీళ్లను కోడి తాగదు, దాహంతో పక్కనే నిలబడి ఉంటుంది. రేకుల గూడైతే పైన వరిగడ్డి పరిచి తడపండి. వేపచెట్టు కింద నేల తడిపితే గుంత చేసుకుని అందులో పడుకుంటాయి. పడిపోయిన కోడిని తల బయట ఉంచి, మామూలు నీళ్ల బకెట్లో ఒళ్లు మునిగేలా పట్టుకోండి. ఐసు నీళ్లు వద్దు.

గుడ్లు ఎక్కడో దాచిపెడుతుంది.

గడ్డివాములో వెతకండి. తర్వాత వారం రోజులు పదకొండింటి దాకా గూట్లోంచి వదలకండి. గంపలో సున్నం పూసిన గుడ్డంత రాయి ఒకటి ఉంచండి. ఇక్కడే పెట్టాలని గుర్తుపడుతుంది.

దసరా తర్వాత ఈకలు రాలి గుడ్లు ఆపేసింది. కోసేయాలా?

తొందరపడకండి. పొద్దు తగ్గేకొద్దీ కోడి పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది, రెండు మూడు నెలలు గుడ్లు ఉండవు. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే, ఇప్పుడే చెక్క, చేప పొడి ఎక్కువ కావాలి. గుడ్లు రావడం లేదని దాణా తగ్గించడమే అందరూ చేసే తప్పు. ఇళ్లల్లో తోరణాలు కట్టిన బంతిపూలు పారేయకండి. రెక్కలు తుంచి మేతలో కలిపితే గుడ్లు పెట్టే మిగతావాటి పచ్చసొన ముదురు రంగుకు వస్తుంది.

పుంజు లేకపోతే గుడ్లు పెట్టవా?

పెడతాయి. పిల్లలు కావు, అంతే.

పెట్ట కూస్తోంది. అరిష్టమా?

పుంజు లేని మందలో పెత్తనం చేసే పెట్ట ఒక్కోసారి కూస్తుంది. పెట్టకు పనిచేసే అండాశయం ఎడమవైపు ఒక్కటే. అది దెబ్బతిన్నా పుంజు లక్షణాలు వస్తాయి, గుడ్లు ఆగిపోతాయి. ఇంటికేం కాదు.

పక్క చేలోకి ఎగిరిపోతున్నాయి.

ఒక్క రెక్కకే, చివరి పెద్ద ఈకలు సగానికి కత్తిరించండి. రెండూ కత్తిరిస్తే మళ్లీ సమానంగా ఎగురుతుంది. రక్తం ఉన్న లేత ఈకలు ముట్టొద్దు. పత్తికి మందు కొట్టే రోజుల్లో అసలే వదలకండి. మందుకు చచ్చి రాలిన పురుగులను కోడి వెతుక్కుని మరీ తింటుంది. పక్క రైతును ముందే అడిగి పెట్టుకోండి, "అన్నా, ఎప్పుడు కొడుతున్నవ్?" అని. కోడి చచ్చాక గొడవ పడటం కన్నా అది మంచిది.

సాయంత్రం గూట్లోకి రాకుండా చెట్టెక్కుతున్నాయి.

పిలిచి, తరిమి లాభం లేదు. గూట్లో ఏముందో చూడండి. మా కోళ్లు పోయిన ఏడాది వారం రోజులు జామచెట్టు మీదే పడుకున్నాయి. పిల్లి వచ్చిందేమో అనుకున్నాం. ఒక రాత్రి టార్చి వేసి చూస్తే కర్ర చివరల్లో, మట్టి గోడ పగుళ్లలో ఎర్రగా, ఆవగింజ కన్నా చిన్న పురుగులు. పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి, అందుకే పగలు కోడిని ఎంత వెతికినా కనిపించవు. కర్రలు తీసి కాల్చాం, పగుళ్లు మట్టితో పూడ్చి సున్నం కొట్టాం, మూలన బూడిద, ఎర్రమట్టి కలిపి పొర్లడానికి గుంత చేశాం. పది రోజుల తర్వాత ఇంకోసారి సున్నం కొట్టాం, గుడ్ల నుంచి మళ్లీ పుట్టేవి ఉంటాయి కదా. మూడో రోజు నుంచే ఒక్కొక్కటి లోపలికి రావడం మొదలుపెట్టాయి. పుంజు అందరికన్నా చివర.

ఒక కోడి మూలన ముడుచుకుని ఉంది, తినడం లేదు.

ఇది వేషం కాదు, రోగం. వెంటనే వేరు చేసి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆకుపచ్చ రెట్ట, మెడ మెలిక తిరగడం కనిపిస్తే కొక్కెర తెగులు (రాణిఖేత్) కావచ్చు, అదొచ్చాక మందు లేదు. పల్లెల్లో "గత్తర" అని మొత్తం గూడు ఊడ్చుకుపోయేది ఎక్కువగా ఇదే. టీకా మాత్రం ఉంది: 5–7 రోజుల వయసులో లసోటా చుక్క, 28వ రోజుకు మళ్లీ ఒకసారి, ఎనిమిది వారాలకు ఆర్2బి సూది. చచ్చిన కోడిని కాలువలో వేయకండి, లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి.